అచ్చుబొమ్మ కింద ఎవరి పేరు?

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ నుంచి ఒక అమ్మాయి డిజైన్ చదవడానికి హైదరాబాద్ వెళ్లిందనుకుందాం. మూడో ఏడు సెలవుల్లో పేరున్న డిజైనర్ దగ్గర పనికి చేరింది. కొమ్ములు తవ్వడం, ఉడకబెట్టడం, కల్లంలో ఆరబోయడం, పాలిష్ పట్టడం, సంచులకెత్తడం: ఇంటి దగ్గర చిన్నప్పటి నుంచి చూసిన పసుపు పనులన్నీ ఆమె నోటుబుక్కులో గీసి ఉన్నాయి. అవి చూసి ఆ డిజైనర్ ముచ్చటపడ్డారు. ఇద్దరూ కూర్చుని వాటిని ఆరు ఆర్ట్ ప్రింట్లుగా చేశారు. గీతలు ఆమెవి. కూర్పు, రంగులు, కాగితం ఎంపిక ఆయనవి. స్క్రీన్ మీద అచ్చు తీసింది మూడో మనిషి. ప్రింట్లు గ్యాలరీకెక్కాయి, అమ్ముడుపోయాయి. బొమ్మ అడుగున పెన్సిల్‌తో ఎవరు సంతకం చేయాలి? వచ్చిన డబ్బులో ఆ అమ్మాయి వాటా ఎంత? రేపు అదే బొమ్మను ఒక మసాలా కంపెనీ పసుపు ప్యాకెట్ మీద వేసుకుంటానంటే ఎవరిని అడగాలి?

ఇది ఊహించిన కథే అయినా ప్రశ్నలు ఊహించినవి కావు. డిజైన్ కాలేజీల్లో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయ్యాక, నిఫ్ట్ లాంటి సంస్థలు విద్యార్థులను చేతిపనివాళ్ల ఊళ్లకు పంపడం మొదలయ్యాక, ఇలాంటి ఉమ్మడి పనులు పెరిగాయి. జాతీయ పసుపు బోర్డు 2025లో మొదలై ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌కు వచ్చింది కాబట్టి, మన ప్రాంతంలోనే లేబుళ్లు, ప్యాకింగులు, పోస్టర్లు గీసేవాళ్ల అవసరం పెరగబోతోంది. ఆ పనుల్లో సగం ఒక పెద్దచేయి, ఒక చిన్నచేయి కలిసి చేసేవే. నేర్పించడమే జీతం అనుకునే పద్ధతి ఇక్కడ గట్టిగా పాతుకుని ఉంది. అది అన్యాయమని నా నమ్మకం. ఎవరు ఏం చేశారో బొమ్మతోపాటే రాసి ఉండాలి. ఆ రాత పని మొదలయ్యే రోజే జరగాలి.

ముందు, ఈ ఇద్దరిలో ఎవరు ఏం తెస్తారో చూద్దాం. పసుపు బొమ్మకు నిజమైన పసుపుతోనే రంగు వేయాలని విద్యార్థికి ముచ్చటేస్తుంది. ఆర్మూర్ పిల్లకు వేయకపోతే ఆశ్చర్యం. కానీ పసుపులోని కర్క్యుమిన్ వెలుతురుకు నిలవదు. కిటికీ పక్కన గోడకు తగిలిస్తే కొన్నాళ్లకే వెలిసిపోతుంది. పైగా సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుందని పారాణి కలిపే ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఆర్ట్ ప్రింట్లకు వాడే మంచి కాగితాల్లో చాలావాటికి, కాలక్రమంలో ఆమ్లం చేరి పాడవకుండా, సున్నపురాయి పొడి కలుపుతారు. కాగితానికి ఆ క్షారగుణమే రక్ష. పసుపు రంగుకు మాత్రం అదే గండం. ఈ సంగతి ముందే తెలిసి, వెలుతురుకు నిలిచే పసుపుపచ్చ పిగ్మెంట్ తెప్పించి, కొమ్ము విరిచినప్పుడు లోపల కనిపించే నారింజ ఛాయకు దాన్ని సరిపోల్చగలగడం వృత్తినిపుణుడి పని. మరి ఆ నారింజ ఛాయ ఎలా ఉండాలో, ఉడికిన కొమ్ముకూ పచ్చి కొమ్ముకూ తేడా ఏమిటో, తల్లిదుంప గోళను కొమ్ములనుంచి వేరుచేసే ఆడవాళ్లు ఎలా కూర్చుంటారో చెప్పగలిగింది ఆ అమ్మాయే. ఇందులో ఏది తీసేసినా బొమ్మ ఉండదు. ఉమ్మడి పని అంటే ఇదీ.

అచ్చుబొమ్మల చరిత్ర తిరగేస్తే ఉమ్మడి పని కొత్తది కాదని మొదటి పేజీలోనే తెలుస్తుంది. జపాన్‌లో హొకుసాయి కెరటం బొమ్మ 1831 ప్రాంతంలో అచ్చయింది. గీసింది హొకుసాయి, చెక్క మీద చెక్కింది ఒకరు, రంగులద్ది కాగితం మీద తీసింది ఇంకొకరు, పెట్టుబడి పెట్టింది ప్రచురణకర్త. లోకానికి తెలిసింది ఒక్క పేరే. మన దగ్గర రవివర్మ ప్రెస్సు కథా అంతే. 1894లో బొంబాయి దగ్గర మొదలైన ఆ ప్రెస్సులో, తైలవర్ణ చిత్రాన్ని రంగురంగుకూ విడదీసి ఒక్కో రాతి మీదికి ఎక్కించిన జర్మన్ పనివాళ్లు లేకపోతే లక్ష్మీదేవి, సరస్వతి మన ఇళ్ల గోడలకెక్కేవాళ్లు కాదు. రవివర్మకు తమ్ముడు రాజరాజవర్మ స్టూడియోలో కుడిభుజం. ఆయన డైరీలు మిగిలాయి కాబట్టి ఆయన పాలు ఎంతో చరిత్రకారులకు తెలిసింది. రాతి మీద బొమ్మ ఎక్కించిన వాళ్లకు డైరీలు లేవు.

ఇందుకు ఒక మంచి మినహాయింపు శివకాశి క్యాలెండర్లలో కనిపిస్తుంది. కోవిల్‌పట్టిలో దేవి ఆర్ట్ స్టూడియో నడిపిన సి. కొండయ్యరాజు (1898–1976) చుట్టూ ఒక శిష్యబృందం ఉండేది. దక్షిణాదిలో మన పెద్దల ఇళ్లలో వేలాడిన మురుగన్, లక్ష్మి, కృష్ణుడు చాలావరకు ఆ బృందం చేతిలో రూపు దిద్దుకున్నవే. వాటిలో కొన్నింటి మీద గురువు పేరుతోపాటు శిష్యుడి పేరూ ఉంటుంది. క్యాలెండర్ అంటే ఏడాది తిరగ్గానే చింపి పారేసే కాగితమే కదా. అలాంటి దాని మీద కూడా రెండు పేర్లకు చోటు దొరికింది. పెద్ద గ్యాలరీల్లో వేలాడే ప్రింట్లకు దొరకదంటే నేను ఒప్పుకోను.

ఈ ప్రశ్నకు తెలుగువాళ్లలో అన్నిటికంటే పెద్ద ఉదాహరణ ప్రింట్ కళాకారుడు కృష్ణారెడ్డి. కాస్త ఆగి చెప్పుకోవలసిన కథ ఇది. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన ఆయన శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివారు. మద్రాసు కళాక్షేత్రంలో కొన్నాళ్లు కళావిభాగం చూశారు. లండన్ స్లేడ్ స్కూల్ మీదుగా 1950ల మొదట్లో ప్యారిస్ చేరి, జాడ్కిన్ దగ్గర శిల్పం నేర్చుకుంటూ స్టాన్లీ విలియం హేటర్ నడిపే అటెలియర్ 17లో అడుగుపెట్టారు. 1927లో పుట్టిన స్టూడియో అది. యుద్ధకాలంలో న్యూయార్క్ వెళ్లి, 1950లో మళ్లీ ప్యారిస్ వచ్చింది. మిరో, పికాసో లాంటి వాళ్లు ప్లేట్లు చేసిన చోటు. అక్కడ పేరున్న కళాకారుడూ, నిన్న వచ్చిన కుర్రాడూ ఒకే ప్రెస్సు దగ్గర నిలబడి పనిచేసేవాళ్లు.

అంతకుముందు ఒక ప్రింట్‌లో నాలుగు రంగులు కావాలంటే సాధారణంగా నాలుగు ప్లేట్లు చేసి, ఒకదాని మీద ఒకటి తప్పకుండా సరిపెట్టి నాలుగుసార్లు ప్రెస్సులో నడపాలి. ఒక్క ప్లేటుతో, ఒక్క విడతలో అన్ని రంగులూ తీయడం ఎలాగని అటెలియర్ 17లో వెతికారు. కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ, హేటర్ ఆ వెతుకులాటలో ముఖ్యులు. చివరికి దారి దొరికింది సిరా చిక్కదనంలో. రాగి లేదా జింకు ప్లేటును లోతులోతుగా, మెట్లుమెట్లుగా చెక్కుతారు. ముందు అన్నిటికంటే లోతు గాడుల్లో ఒక రంగు నింపి పైన తుడిచేస్తారు. తర్వాత నూనె ఎక్కువ కలిపిన పల్చటి సిరాను గట్టి రోలర్‌తో నడిపితే అది పైమెట్టుకే అంటుతుంది. ఆపైన నూనె తక్కువున్న చిక్కటి సిరాను మెత్తటి రోలర్‌తో నొక్కి నడిపితే, రోలర్ లోపలికి దిగి కింది మెట్టుకు రంగు అంటిస్తుంది. పైమెట్టు మీద అప్పటికే ఉన్న నూనె సిరా మాత్రం ఈ చిక్కటి సిరాను దగ్గరికి రానివ్వదు. మూడు రంగులు ఒకే ప్లేటు మీద, ఒకదానితో ఒకటి కలవకుండా నిలబడతాయి. ఒక్కసారి ప్రెస్సులో నడిపితే చాలు. దీన్నే విస్కాసిటీ ప్రింటింగ్ అంటారు. శిల్పిగా కృష్ణారెడ్డికి ప్లేటు ఒక చదును రేకులా కనిపించలేదు, చెక్కవలసిన రాయిలా కనిపించింది. ఆ చూపు లేకపోతే మెట్లమెట్ల ప్లేటు పుట్టేది కాదని నాకు అనిపిస్తుంది. ఆయన 'కెరటం', 'మహా విదూషకుడు' ప్రింట్లలో రంగు పైపూతలా ఉండదు, లోపలినుంచి ఊరి వచ్చినట్టు ఉంటుంది.

పేరు మాత్రం చాలాకాలం స్టూడియో యజమానికే పోయింది. కొన్నిచోట్ల ఆ పద్ధతి హేటర్ పేరు మీదే చలామణీ అయింది. కృష్ణారెడ్డి 1960ల మధ్యలో అటెలియర్ 17 సహ సంచాలకుడయ్యారు, 1972లో పద్మశ్రీ అందుకున్నారు, 1976లో న్యూయార్క్ వెళ్లి అక్కడి విశ్వవిద్యాలయంలో ప్రింట్ విభాగం నడిపారు, 1988లో తన పద్ధతి మీద స్వయంగా పుస్తకం రాశారు. 2018లో మరణించేనాటికి చరిత్రకారులు ముగ్గురి పేర్లూ కలిపి చెప్పడం స్థిరపడింది. హేటర్‌ను ఇక్కడ తప్పుపట్టాలని నాకు లేదు. ఆ స్టూడియోలో తలుపులు తెరిచి పెట్టినవాడు ఆయనే. కానీ తలుపులు తెరిచిన స్టూడియోలో కూడా, ఎవరేం చేశారో అప్పటికప్పుడు రాసిపెట్టకపోతే లోకం పేరున్న మనిషికే అంతా జమ కడుతుంది. కృష్ణారెడ్డికి దీర్ఘాయుష్షు, అధ్యాపకత్వం, పుస్తకం ఉన్నాయి కాబట్టి లెక్క సరిపడింది. ఇరవై ఏళ్ల విద్యార్థికి అవేవీ ఉండవు.

ఆ రాసిపెట్టే పద్ధతిని ఒక క్రమంలో పెట్టింది అమెరికాలోని టామరిండ్ లిథోగ్రఫీ వర్క్‌షాప్. 1960లో జూన్ వేన్ లాస్ ఏంజిలెస్‌లో దాన్ని స్థాపించారు. లిథోగ్రఫీ, అంటే రాతి అచ్చు, తెలిసిన పనివాళ్లు అమెరికాలో కరువైపోయారని, ప్రింటర్లను తయారుచేయడమే ప్రధాన లక్ష్యంగా పెట్టుకున్నారు. అక్కడ ప్రతి ప్రింట్‌కూ ఒక రికార్డు ఉంటుంది: ఏ కాగితం, ఏ సిరా, ఎన్ని కాపీలు, ఎన్ని ప్రూఫులు, ఎవరు తీశారు. కళాకారుడు పెన్సిల్‌తో సంతకం చేస్తే, ప్రింటర్ తన ముద్రను సిరా లేకుండా కాగితంలోకి నొక్కుతాడు. ఏటవాలుగా వెలుతురులో పట్టి చూస్తే కనిపిస్తుంది. ఇక 'ఇలాగే తీయండి' అని కళాకారుడు ఒప్పుకున్న మొదటి మంచి కాపీ మామూలుగా ప్రింటర్‌కే దక్కుతుంది. పేరు, సాక్ష్యం, సొంత కాపీ మూడూ ఒకే రివాజులో ఇమిడాయి. మన దగ్గర డిజైన్ విద్యార్థులకు 7/25 అని రాస్తే ఇరవై అయిదింటిలో ఏడోదని నేర్పుతారు. ప్రింటర్ ముద్ర సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

తెలంగాణలో ఈ కళకు వేర్లు లేకపోలేదు. మెదక్ నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ హైదరాబాద్‌లో చదివి బరోడా వెళ్లి ఎచింగ్ పట్టుకున్నారు. తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆ విద్య నేర్పారు. దేవరాజ్ డాకోజీ ఆర్మూర్ మీదుగా పోయే 63వ జాతీయ రహదారి మీదే ఉన్న ధర్మపురి వారు. ఢిల్లీ గర్హీ స్టూడియోల్లో ఏళ్లపాటు ప్రింట్ పని చూసి, తర్వాత న్యూయార్క్‌లో రాబర్ట్ బ్లాక్‌బర్న్ వర్క్‌షాప్‌లో ఇతర కళాకారుల ప్లేట్లు తీసిపెట్టిన మాస్టర్ ప్రింటర్. ఒక మనిషి తన బొమ్మలూ వేస్తూ, ఇంకొకరి బొమ్మలకు చేయి అందించడం తక్కువ పనేమీ కాదని ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

ఇటు నిర్మల్ సంగతి వేరు. ఆర్మూర్ నుంచి 44వ నంబరు రహదారి మీద ఉత్తరానికి పోయి సోన్ దగ్గర గోదావరి దాటితే పునికి కర్ర బొమ్మల నిర్మల్. అటు చేర్యాలలో నకాషీ పటాలు. రెండుచోట్లా కుటుంబం, కుల సంప్రదాయం కలిసి గీసిన బొమ్మలే తప్ప సంతకాలు పెద్దగా ఉండేవి కావు. డిజైనర్లు, విద్యార్థులు అక్కడికి వెళ్లి నమూనాలు తీసుకొచ్చి ప్రింట్లు వేస్తున్నారు. భౌగోళిక గుర్తింపు ఉంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. ఆ గుర్తింపు కాపాడేది ఊరి పేరును, ఆ పనితనం పేరును. ఫలానా నకాషీ కళాకారుడు గీసిన ఫలానా ఏనుగు గీతను అది కాపాడదు. కాబట్టి ఇక్కడ ఇద్దరి మధ్య కాదు, ముగ్గురి మధ్య లెక్క తేలాలి. డిజైనర్, విద్యార్థి పేర్లు పడి, నేర్పిన నకాషీ పేరు పడకపోవడం నేను చూసిన ప్రదర్శనల్లో మామూలు విషయమే. విద్యార్థి తనకు జరిగిన అన్యాయాన్నే ఇంకొకరికి చేస్తున్నాననే ఎరుకతో ఉండాలి.

చట్టం ఏమంటుంది? మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో ఎచింగులు, లిథోగ్రాఫులు, చెక్క అచ్చులు, ప్రింట్లు అన్నీ 'ఎన్‌గ్రేవింగ్' అనే మాట కిందికి వస్తాయి. ఇద్దరి పనీ విడదీయలేనంతగా కలిసిపోతే అది ఉమ్మడి రచన. ఒకరు ఆలోచన చెప్పి ఇంకొకరు గీస్తే, ఆలోచనకు హక్కు రాదు, గీసిన రూపానికే వస్తుంది. 'పసుపు మీద ఏమన్నా చేయమ్మా' అన్నంత మాత్రాన డిజైనర్ సహరచయిత కాడు. స్క్వీజీతో స్క్రీన్ మీద సిరా లాగినంత మాత్రాన విద్యార్థీ కాదు, ఆమె ప్రింటర్‌గా పేరుకెక్కాలి. ఇంతవరకు న్యాయంగానే ఉంది.

చిక్కు 17వ సెక్షన్‌తో వస్తుంది. ఉద్యోగంలో గాని, అప్రెంటిస్ ఒప్పందం కింద గాని చేసిన పనికి, వేరే మాట అనుకోకపోతే, మొదటి హక్కుదారు యజమానే. అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. డబ్బిచ్చి ఒకరి చేత ఎన్‌గ్రేవింగ్ చేయిస్తే, ఎదురు ఒప్పందం లేనప్పుడు, చేయించుకున్నవాడే మొదటి హక్కుదారు. అంటే ఇంటర్న్‌షిప్ ఉత్తరంలో 'అప్రెంటిస్' అనే మాట పడినా, ప్రింటుకు ఇంతని చేతిలో పెట్టినా, ఆ అమ్మాయి గీతల మీద హక్కు ఆమెకు తెలియకుండానే జారిపోవచ్చు. కాలేజీ ప్లేస్‌మెంట్ విభాగాలు ఈ ఒక్క సెక్షన్ పిల్లలకు చదివి వినిపించినా చాలు, సగం గొడవలు పుట్టవు.

ఊరట 57వ సెక్షన్‌లో ఉంది. హక్కులు అమ్మేసుకున్నా, ఇది నా పని అని చెప్పుకునే హక్కు రచయితకు పోదు. డబ్బు పోయినా పేరు అడగవచ్చు. హక్కులు రాసివ్వాలంటే సంతకంతో కాగితం ఉండాలని 19వ సెక్షన్ అంటుంది. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే, ఎక్కడెక్కడో రాయకపోతే దేశం లోపలికే చెల్లుతుంది. ఉమ్మడి రచనైతే ఇద్దరిలో చివర పోయినవారి తర్వాత అరవై ఏళ్లదాకా కాపీరైట్ ఉంటుంది. చిన్నవయసు భాగస్వామి ఉండటం పెద్దాయన వారసులకూ లాభమే.

పసుపు ప్యాకెట్ దగ్గర ఇంకో మలుపు ఉంది. గోడకు తగిలించే ప్రింట్ ఒకటి. అదే గీతను సంచి మీదో చీర మీదో డిజైన్‌గా మార్చి, డిజైన్ల చట్టం కింద నమోదు చేయకుండా, యంత్రం మీద 50కి మించి తీస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ నిలవదని కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ అంటుంది. ఏది కళ, ఏది డిజైన్ అని కోర్టుల్లో వాదనలు నడుస్తూనే ఉన్నాయి. వస్తువుల మీదికి వెళ్లే ఆలోచన ఉంటే నమోదు ముందే చేయించడం క్షేమం. ఇంకొక లోటు చెప్పుకోవాలి. పెయింటింగ్, శిల్పం, డ్రాయింగ్ మళ్లీ అమ్ముడైనప్పుడు కళాకారుడికి వాటా ఇచ్చే 53ఎ సెక్షన్‌లో ప్రింట్ల ఊసు లేదు. ఎక్కువమంది కొనగలిగే కళకు ఈ వాటా లేకపోవడం సవరించవలసిన విషయం.

ఇప్పటి ఆర్ట్ ప్రింట్లలో చాలావరకు ప్లేటూ లేదు, రాయీ లేదు. కంప్యూటర్ ఫైలు, ఇంక్‌జెట్ యంత్రం. పాతరోజుల్లో ఎడిషన్ పూర్తికాగానే ప్లేటు మీద అడ్డగీత కోసేవాళ్లు, ఇక తీయడానికి వీల్లేకుండా. ఫైలుకు అలాంటి గీత లేదు. 25 కాపీలే అని చెప్పి అమ్మాక ఇరవై ఆరోది తీయడానికి ఒక బటన్ చాలు. ఫైలు ఎవరి దగ్గర ఉంటుందో వాళ్లదే రాజ్యం. మామూలుగా అది డిజైనర్ కంప్యూటర్‌లోనే ఉంటుంది. పొరలన్నీ విడివిడిగా ఉన్న అసలు ఫైలు ఇద్దరి దగ్గరా ఉండాలి, ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప అచ్చుకు పోకూడదు. చర్చ జరిగిన ప్రతిచోటా నేను మొదట అడిగేది ఇదే. సంతకం తర్వాతైనా వేసుకోవచ్చు, ఫైలు చేయిదాటితే తిరిగిరాదు.

డబ్బు విషయానికొస్తే సరైన వాటా ఇంత అని ఎక్కడా రాసి లేదు. సగం సగం అనడం తేలిక. ప్రతిసారీ న్యాయం కాకపోవచ్చు. డిజైనర్ పెట్టుబడి, స్టూడియో అద్దె, కొనేవాళ్లతో ఉన్న పరిచయం ఖర్చులే. గ్యాలరీ కమీషన్ ఉంది. కానీ ఈ లెక్క విద్యార్థికి చూపించకుండా చివర్లో ఒక కవరు చేతిలో పెట్టడం ఏమాత్రం బాగోలేదు. నిజామాబాద్ యార్డులో పసుపు అమ్మిన రైతుకు తక్‌పట్టీ చేతికొస్తుంది. ఎన్ని సంచులు, ఎంత తూకం, ధర ఎంత, హమాలీకి ఎంత, అడ్తికి ఎంత, చేతికి ఎంత, అంతా అందులో ఉంటుంది. ధర నచ్చకపోయినా, కోత ఎక్కడ పడిందో రైతుకు తెలుస్తుంది. ఆ రైతు బిడ్డ గీసిన బొమ్మకూ అలాంటి చీటీ ఒకటి ఉండాలని అడగడం అత్యాశ కాదు.

పెద్దల వైపునుంచీ ఒక ఫిర్యాదు వింటాం. రెండు నెలలు వచ్చిన పిల్లలు బయటికెళ్లి స్టూడియో పేరు వాడుకుంటారని, నేర్పినదంతా సొంతమని చెప్పుకుంటారని. ఇందులో నిజం లేకపోలేదు. అందుకే రాతలో ఇద్దరి పాలూ ఉండాలి. విద్యార్థి తన పోర్ట్‌ఫోలియోలో ఆ ప్రింట్లు పెట్టుకునేటప్పుడు 'గీతలు నావి, రంగులు, కూర్పు ఫలానావారివి' అని రాయాలి. మార్కులు వేసే అధ్యాపకులు ఆ వాక్యం ఉందో లేదో చూడాలి. పిల్లలు చదువుకునేటప్పుడే ఈ అలవాటు పడితే, రేపు వాళ్లు డిజైనర్లయ్యాక తమ దగ్గరికొచ్చే పిల్లల పేర్లు రాయడం కష్టమనిపించదు.

మన ఆర్మూర్ అమ్మాయి ఆరు ప్రింట్లకు తిరిగొస్తే, కాగితం ఒక పేజీ దాటనక్కర్లేదు. స్కెచ్‌లు ఆమె ముందే గీసినవి కాబట్టి వాటి మీద పూర్తి హక్కు ఆమెది. ప్రింట్లు ఇద్దరి ఉమ్మడి రచన, అప్రెంటిస్ పని కాదు. అడుగున ఎడమవైపు సంఖ్య, మధ్యలో బొమ్మ పేరు, కుడివైపు రెండు సంతకాలు. అచ్చు తీసినవారి ముద్ర కింది మూలలో. ప్రింట్ వెనక అంటించే ధ్రువపత్రంలో కాగితం, పిగ్మెంట్, కాపీల సంఖ్య, ప్రూఫుల సంఖ్య, ఎవరి పని ఏమిటో ఒక్కో వరుస. ఖర్చులు పోను వాటా ఎంతో అంకెల్లో. వస్తువుల మీదికి, ప్యాకెట్ల మీదికి వెళ్లాలంటే ఇద్దరి సంతకాలతో వేరే ఒప్పందం. ప్రూఫుల్లో ఒక పూర్తి వరుస ఆమెకు, ఒకటి ఆయనకు, ఒకటి అచ్చు తీసినవారికి. కల్లంలో ఆమెను తమ పక్కన కూర్చోబెట్టుకుని గీయనిచ్చిన కూలీల పేర్లు కూడా, వాళ్లు సరేనంటే, ఆ ధ్రువపత్రంలోనే.